తుడవని గంధం

నర్సింగ్ చదివే పిల్లలు నలుగురు మొన్న మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్ అని అడిగారు. వాళ్ళ మొహాలు చూస్తేనే తెలిసింది, నేను ఎవరి ప్రాణమో కాపాడిన కథ వినడానికి వచ్చారని. అలాంటివి నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. ఎవరొచ్చినా అవే చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తాను. ఆ రోజూ అదే చేశాను. వాళ్ళు గేటు దాటాక నా మీద నాకే ఒళ్ళు మండింది. పిల్లలూ, మీరు అడిగిన దానికి అసలు జవాబు ఇది. కాఫీ మీరే పెట్టుకుని చదవండి.

మాది ఊత్తుకోట. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆదివారం చర్చిలో రెండూ. నాకు నోరెక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. పని మాత్రం బాగా చేసేదాన్ని, ఆ మాట నా శత్రువులు కూడా ఒప్పుకుంటారు. డెబ్బైలు అయిపోవస్తున్న కాలంలో తిరుత్తణిలో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఇరవై పడకలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక మేట్రన్. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. దాని పేరు చెప్పను, ఎవరి పేరూ చెప్పను. నా పేరు కూడా ఇక్కడ అవసరం లేదు.

మా డాక్టరు మిలిటరీలో చేసి రిటైరైన తమిళాయన. తెల్ల మీసం, తక్కువ మాటలు. పేషెంటును తలనుంచి కాలివరకు చూడాలి, చూసినదే రాయాలి, చూడనిది రాయకూడదు అనేవారు. రోజుకు రెండుసార్లు ఆ మాట వినీ వినీ మాకు విసుగొచ్చేది. మేట్రన్, నేను ఆయన వెనక ఆయన గొంతుతో అదే మాట అనుకుని నవ్వుకునేవాళ్ళం.

గంధం సంగతి చెప్పాలంటే ముందు విభూతి సంగతి చెప్పాలి. నేను చేరిన కొత్తలో జ్వరంతో ఒక పసిబిడ్డ వచ్చింది. నుదుట మందంగా విభూతి. ఒళ్ళు కాలిపోతోంది కదా అని తడిగుడ్డతో నుదురు తుడిచేశాను. ఆ బిడ్డ అవ్వ వార్డు మధ్యలో నిలబడి, మెడలో సిలువ వేసుకున్నది వచ్చి మా సామి విభూతి తుడిచేసింది అని అరిచింది. బయట జనం పోగయ్యారు. ట్రస్టు పెద్దలు ముగ్గురు వచ్చి నన్ను నిలబెట్టి అడిగారు. క్షమాపణ కాగితం రాయించుకుని ఉద్యోగం ఉంచారు. మా నాన్న పోయిన ఏడాది అది, ఇంట్లో నా జీతం తప్ప మరొకటి లేదు. ఆ రోజు నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. నుదుట దేవుడిది ఏదున్నా నా చెయ్యి అక్కడికి పోకూడదు. విభూతి ఉంటే జ్వరం మెడ మీద చూసేదాన్ని, తడిగుడ్డ పాదాలకు వేసేదాన్ని. ఇలా చేస్తున్నానని డాక్టరుకు చెప్పలేదు, ఆయన గమనించనూ లేదు. నా దృష్టిలో అది తెలివి.

తిరుత్తణిలో ఆడి కృత్తిక తిరునాళ్ళంటే మీకు తెలియనిది కాదు. ఊరంతా కావిళ్ళు, అరోహరా అనే కేకలు, బస్సుల మీద కూడా జనం. మొక్కున్నవాళ్ళు కొండమీద గుడి దగ్గర గుండు కొట్టించుకుని, తలంతా చల్లగా గంధం పూసుకుని దిగుతారు. ఆ మూడు రోజులూ మా ఓపీలో పచ్చటి గుండ్లే వరసగా కూర్చునేవి. ఎండ దెబ్బ, వాంతులు, మెట్ల మీద కాలు మడతపడడం. ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టం. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకుండా ఉండేందుకు పేర్లు రాసిన చీటీలు చొక్కాకి గుచ్చేదాన్ని.

ఆ గుండ్లలో ఒకడు ఆ కుర్రాడు. ఇరవై ఏళ్ళుంటాయి. పళ్ళిపట్టు వైపు నుంచి వచ్చిన నేతపని వాళ్ళు, మనలాగే తెలుగువాళ్ళు. పక్కన తల్లి, పెళ్ళై ఏడాది కూడా కాని భార్య. నెల రోజులుగా జలుబు, ముక్కులోంచి చిక్కగా పసుపుగా కారడం, విడవని తలనొప్పి. ఇంట్లో సొంఠి పట్టు వేశారు. తగ్గకపోతే తల్లి గుండు మొక్కుకుంది. గుండైంది, కొండ దిగేసరికి చలిజ్వరం. డాక్టరు నాడి చూసి, పొట్ట నొక్కి, గుండె విని, ముందు టైఫాయిడ్‌కు చూద్దామని చేర్చుకున్నారు. ఆ రోజు ఓపీలో రెండు వందల మంది బయట నిలబడి ఉన్నారు. తలనుంచి కాలివరకు చూడమనే మనిషి ఆయన, ఆ రోజు మెడ నుంచి కాలివరకు చూశారు. తల చూసి రాయడం నా పని. 'తలకు గుండు, గంధం' అని రాశాను.

వార్డులో పడుకోబెట్టాక తల్లి నా చెయ్యి పట్టుకుని అడిగింది. గంధం మాత్రం చెరపొద్దు సిస్టరమ్మా, మూడు దినాలు ఉండాలని మొక్కు అంది. సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట హాయిగా అనిపించింది. ఆమె అడగకపోయినా నేను ముట్టను. ఇప్పుడు అడిగింది కాబట్టి అది నా భయం కాదు, వాళ్ళ మొక్కు.

ఆ కోడలు పిల్ల గురించి చెప్పాలి. పదిహేడో పద్దెనిమిదో. గట్టిగా మాట్లాడేది కాదు, అత్త ఉన్నప్పుడు అసలు మాట్లాడేది కాదు. నేను మంచం దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా నా చేతులవైపే చూస్తూ ఉండేది. ఎక్కడ గంధం ముట్టుకుంటానోనని కాపలా కాస్తోంది అనుకున్నాను. మొదటి సాయంత్రం జ్వరం బాగా పెరిగింది. నేను బేసిన్‌లో గుడ్డ తడుపుతుంటే ఆ పిల్లే వచ్చి ఆ గుడ్డ తీసుకుని, పిండి, నా చేతిలో పెట్టింది.

"తలకు వెయ్యక్కా" అంది మెల్లగా.

వాకిట్లోంచి అత్త తలెత్తి చూసింది. నేను ఆ గుడ్డ అరికాళ్ళకు వేశాను. ఆ పిల్ల వెళ్ళి మంచం కాళ్ళ దగ్గర కూర్చుంది.

ఇంకో సంగతి కూడా రాయాలి, రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. రెండో రోజు పొద్దున అతని తలమీద గంధం ఎండి, పెచ్చులుగా పగిలి ఉంది. కనుబొమల పైన, నుదుటి నడుమ మాత్రం అది పగలలేదు. అక్కడ కొంచెం ఎత్తుగా, నున్నగా ఉంది. నేను చూశాను. గంధం అక్కడ మందంగా పూశారు కాబోలు అనుకుని, చార్టులో టెంపరేచరు రాసి, పక్క మంచానికి వెళ్ళాను.

మూడో రోజు పొద్దున అతని మాట తడబడింది. నీళ్ళు కావాలా అంటే తలూపాడు గానీ నీళ్ళు అనే మాట నోటికి రాలేదు. గ్లాసు ఇస్తే కుడిచేతిలో నిలవలేదు, మంచం మీద ఒలికిపోయింది. మెడ వంచబోతే మూలిగాడు. పరుగున వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన చూసి, మెదడు పొరలకు జ్వరం పాకినట్టుంది, వెన్నులోంచి నీళ్ళు తీసి చూద్దాం, సూది సిద్ధం చెయ్యమన్నారు.

నేను ట్రే సర్దాను. అతన్ని పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి వంచి పట్టుకున్నాను. డాక్టరు చేతులు కడుక్కుని, వీపు మీద మందు పూసి, సూది చేతిలోకి తీసుకున్నారు. అప్పటికి అతనికి చెమటలు ధారగా కారుతున్నాయి. గంధం కరిగి కళ్ళల్లోకి పోతోంది. అతను తల విదిలిస్తే సూది పక్కకు పోతుంది. వెన్నులో సూది ఉన్నప్పుడు మనిషి కదిలితే ఏమవుతుందో నాకు తెలుసు. నా నియమం గుర్తు చేసుకునేంత సమయం కూడా లేదు, చేతిలో ఉన్న గాజుగుడ్డతో కళ్ళు తుడిచి, అదే ఊపులో నుదురు కూడా తుడిచేశాను.

నా వేలు లోపలికి పోయింది.

నుదుటి నడుమ, రూపాయి బిళ్ళకన్నా పెద్ద జాగాలో, మెత్తగా. వేలు తీస్తే గుంట అలాగే ఉండిపోయింది, నానిన పిండి మీద నొక్కినట్టు. నుదురంటే ఎముక. అక్కడ వేలు దిగడమేమిటి? డాక్టర్ అని పిలిచాననే అనుకున్నాను, గొంతు బయటికి రాలేదట. ఆయన నా మొహం చూసి ఆగారు. ఇటువైపు వచ్చి నుదురు చూశారు, ఒకసారి నొక్కారు. సూదిని ట్రేలో పెట్టేశారు. ఆ స్టీలు చప్పుడు ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

ఆయన నన్ను బయటికి పిలిచి చెప్పింది మీరు పరీక్షకు చదివే ఉంటారు, అయినా చెబుతాను. కనుబొమల వెనక ఎముకలో గాలి గదులుంటాయి. జలుబు ముదిరితే అక్కడ చీము చేరవచ్చు, మామూలుగా అది మందులతో పోతుంది. ఎక్కడో ఒకరికి, అందులోనూ ఈడొచ్చిన కుర్రవాళ్ళకి, ఆ చీము ఎముకను తినేస్తుంది. ముందుకు వస్తే నుదుట మెత్తటి వాపు. వెనక్కి పోతే మెదడు మీది పొర కింద పరుచుకుని మెదడును నొక్కేస్తుంది. ఇతనికి రెండు వైపులా పోయినట్టుంది. లోపల అంత ఒత్తిడి ఉన్నప్పుడు వెన్నులోంచి నీళ్ళు తీస్తే మెదడు కిందికి జారుతుంది, ఊపిరి ఆగిపోతుంది. ఈ వాపు కనబడకపోయి ఉంటే ఇంకో నిమిషంలో నా చేతులతో చంపేసేవాణ్ణి అన్నారాయన. మిలిటరీలో ఒకే ఒక్కసారి చూశారట ఇలాంటిది. ఆ సిపాయి బతకలేదు.

చీము తీసేందుకు తలకు రంధ్రం వేయాలి, అది మద్రాసులో తప్ప కాదు. తీయకుండా ఉత్త మందులతో బతకడు. ఎక్కువ మోతాదు పెన్సిలిన్, క్లోరాంఫెనికాల్ సూదులు అక్కడే మొదలుపెట్టాం. మా వ్యాను ఆసుపత్రి గేటు దాటితే చాలు, జనం. కావిళ్ళ మధ్య నుంచి అది మెయిన్ రోడ్డు చేరేసరికి సాయంత్రమవుతుంది. స్టేషను దగ్గరే, రైలే నయమన్నారు డాక్టరు. ఓపీలో జనాన్ని వదిలి ఆయన రాలేరు. నన్ను వెంట పంపారు. ఫిట్స్ వస్తే ఇవ్వమని కాంపోజ్ సూదులు, మద్రాసు డాక్టర్లకు ఉత్తరం నా సంచిలో పెట్టారు.

పట్టపగలు, మద్రాసు వెళ్ళే ప్యాసింజరు. పెట్టెనిండా గుండ్లే. కింద తువ్వాలు పరిచి తల్లీ, భార్యా, నేనూ అతన్ని పడుకోబెట్టాం. అంతమంది పచ్చటి గుండ్ల మధ్య గంధం తుడిచిన నుదురు ఇతనొక్కడిదే. అరక్కోణం దాటేదాకా కళ్ళు తెరిచే ఉన్నాడు, భార్య వైపు చూస్తూ ఏదో అనబోయేవాడు, అక్షరం వచ్చేది కాదు. మగ్గం మీద నాడె విసిరే కుడిచెయ్యి ఆమె ఒళ్ళో పడి ఉంది. ఆ పిల్ల ఆ చేతివేళ్ళు ఒక్కొక్కటే సాగదీసి మళ్ళీ మడుస్తూ కూర్చుంది.

తిరువళ్ళూరు స్టేషనులోకి రైలు వస్తుండగా ఫిట్స్ మొదలయ్యాయి. ముందు కుడి చెంప, తర్వాత చెయ్యి, తర్వాత ఒళ్ళంతా. పెట్టెలో జనం లేచి నిలబడ్డారు. ఎవరో తాళంచెవుల గుత్తి తీసి అతని చేతిలో పెట్టారు, అది జారి నా కాళ్ళ దగ్గర పడింది. కొండమీది గంధం తుడిస్తే ఇట్లగాక ఎట్లయితాది అని ఒక పెద్దమనిషి అందరికీ వినబడేలా అన్నాడు. నేను సూది ఎక్కిస్తూ తలెత్తి, ఇంకొక్క మాటంటే సూది నీకు వేస్తానన్నాను. అలాంటి నోరు నాది.

గార్డు వచ్చాడు. రైలు ఆపి ఉంచలేను, ఇక్కడే దించెయ్యండి, ఊళ్ళో ఆసుపత్రి ఉంది అన్నాడు. తప్పు మాట కాదు. ప్లాట్‌ఫారం కనబడుతోంది, ఇంకో ఇద్దరు సాయం పడితే దించొచ్చు. దించితే నా బాధ్యత తీరిపోతుంది, రైల్లో పోయాడన్న మాట ఉండదు. అయితే అక్కడా తలకు రంధ్రం వేసేవాళ్ళు లేరు. అక్కడినుంచి మళ్ళీ బండి, మళ్ళీ ఉత్తరం, అంతలో అతను ఉండడు. దించనన్నాను. అతని పక్కన నేలమీద కూర్చుని పెట్టె తలుపుకు కాలు అడ్డం పెట్టాను. మీ కాళ్ళు పట్టుకుంటానన్నా, మీ ఆఫీసరుకు రాస్తానన్నా, రెండూ ఒకే గుక్కలో. రెండో సూదికి ఫిట్స్ ఆగాయి. గార్డు నావైపు, ఆ కుర్రాడివైపు చూసి వెళ్ళిపోయాడు. సెంట్రల్‌లో దిగేసరికి స్ట్రెచరు సిద్ధంగా ఉంది. ఆ గార్డే ఫోన్ చేయించాడు. ఆయనకు థాంక్స్ కూడా చెప్పలేదు నేను.

రైలు తిరువళ్ళూరు దాటిన తర్వాత తల్లి నోరు విప్పింది. గుండు కొట్టేటప్పుడు మంగలాయన చేత్తో తడిమి, బిడ్డ నుదుట మెత్తగా ఉండాది, కింద డాక్టరుకు చూపించమ్మా అన్నాడట. ఆమెకు భయం పుట్టింది. చూపిస్తే కోస్తారు, నుదురు కోస్తే మనిషి మిగలడు. దేవుడి గంధం చల్లదనానికి అదే అణుగుతుందని ఆయన చేత అక్కడ మరో చేతెడు గంధం పెట్టించింది. మాకు చెప్పలేదు.

నాలుగేళ్ళ చదువు, తెల్ల యూనిఫాం, చేతి వాచీ ఉన్న నాకు తెలియనిది కత్తి పట్టుకున్న మంగలికి మొదటిరోజే తెలిసింది. అతను తల ముట్టుకున్నాడు, నేను ముట్టుకోలేదు. కానీ ఆ నిమిషంలో నాకు వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఎందుకు చెప్పలేదని ఆమె మీద విరుచుకుపడ్డాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఆ ఏడుపు చూస్తే కొంచెం బరువు దిగినట్టయింది. అవును, అలాగే అనిపించింది.

మద్రాసు ఆసుపత్రిలో సర్జను నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. తల లోపలి బొమ్మ తీసే యంత్రాల పేరు కూడా మాలాంటివాళ్ళం వినని రోజులు. మెడ దగ్గర రక్తనాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఎడమవైపు మెదడు పక్కకు నెట్టుకుపోయి ఉంది. అప్పటికప్పుడు తీసుకెళ్ళి రెండుచోట్ల ఎముకకు రంధ్రాలు వేశారు. ఆయన బయటికి వచ్చి, ఒత్తిడికి చీము చిమ్మి నా గౌను మీద పడింది, ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే నేను చేసేదేమీ లేదు అన్నాడు. తర్వాత కేస్ షీటు తెరిచి కలం తీశాడు. మొదట ఎవరు చూశారు, నుదుటి వాపు ఎప్పటి నుంచి ఉంది అని ఇంగ్లీషులో అడిగాడు.

నేనే చూశానని చెప్పాను. అంతవరకు నిజం. మూడు రోజులు మీ దగ్గరుంటే ఎందుకు కనబడలేదన్నాడు. ట్రస్టు పెద్దల ముందు నిలబడిన ఆ పాత రోజు నా కళ్ళముందు తిరిగింది. మా అమ్మ, నా జీతం, క్షమాపణ కాగితం.

"తల్లి దాచింది సార్" అన్నాను.

అబద్ధం అని ఎవరూ అనలేరు. ఆమె దాచింది నిజమే. ఆయన తలూపి అదే రాసుకున్నాడు, వాపు సంగతి తల్లి దాచినందువల్ల ఆలస్యం అని. రాసి, ఆమె వైపు తిరిగి, ఎందుకు దాచావమ్మా, నీ బిడ్డే కదా అని తమిళంలో అడిగాడు. ఆమె రెండు చేతులూ జోడించి గోడకు ఆనుకుని నిలబడింది. నేను నా సంచి సర్దుకుంటూ కిందకు చూశాను. కోడలు నావైపు చూస్తోందని తెలుసు, తలెత్తలేదు.

అతను బతికాడు. ఆరు వారాలు పెన్సిలిన్ సూదులు, ఇంకోసారి కడగడం, తర్వాత ఏళ్ళ తరబడి ఫిట్స్ మాత్రలు. మాట మెల్లగా వచ్చింది. కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. తిరుత్తణిలో నన్ను నెత్తిన పెట్టుకున్నారు. సూది ఆపించింది నేను, రైలు దిగనిది నేను. మేట్రన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేనూ చెప్పాను, ఏడాది పొడుగునా. ప్రతిసారీ మధ్యలో ఆ తల్లి వచ్చేది, గంధం కింద వాపు దాచిన మూఢురాలు. విన్నవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. డాక్టరు మాత్రం ఒకసారి కేస్ షీటు తిరగేసి, 'తలకు గుండు, గంధం' అన్న నా రాత మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా మూసేశారు. నేను దాన్ని కూడా మెప్పుకింద లెక్కేసుకున్నాను.

మరుసటి ఏడాది కృత్తికకు ముగ్గురూ వచ్చారు. కొండ దిగి నేరుగా ఆసుపత్రికి. అతని తల మళ్ళీ గుండు, మళ్ళీ గంధం. తల్లి లోపలికి రాలేదు, వరండా బల్ల మీద కూర్చుండిపోయింది. అతను నవ్వి, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ, బాగుండానక్కా అన్నాడు. ఇప్పుడు మగ్గం గుంటలో దిగేది తానేనని కోడలు చెప్పింది. అతను ఎడమచేత్తో రాట్నం తిప్పి కండెలు చుడతాడట. అంతకుముందు అది ఆమె పని.

డాక్టరు లేరు, వాళ్ళు నన్నే చూడమన్నారు. ఆ పిల్ల బేసిన్ దగ్గరికి వెళ్ళి గుడ్డ తడిపి, పిండి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏడాది కిందటి లాగే. ఈసారి నేను నుదురు తుడిచాను. వాపు లేదు. పైన, ఎముకకు రంధ్రం వేసిన చోట చర్మం గుంటపడి ఉంది. వేలు ఆనించాను. కింద మెల్లగా కొట్టుకుంటోంది. అతను చూస్తుండగానే నా కళ్ళు నిండిపోయాయి.

ఆ పిల్ల నా పక్కకు వచ్చి, బయట అత్తకు వినబడకుండా చెప్పింది.

"ఆ దినం నేను చూసినానక్కా. కొండమీదనే చూసినాను. అత్త చెప్పొద్దనింది. నువ్వు తుడుస్తావు, తుడిస్తే నీకే కనబడతాదని కాచుకోనుంటిని. తలకు వెయ్యమని గుడ్డ నీ చేతికిచ్చింది దానికే."

నా చేతులవైపు చూస్తూ కూర్చుంది కాపలా కాయడానికి కాదు. రెండు రోజులు, నేను మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఇప్పుడు తుడుస్తుందేమో అని చూసింది. నేను ఆ గుడ్డ అరికాళ్ళకు వేశాను. నన్ను తప్పుపడుతూ చెప్పలేదు ఆ మాట. ఏడాదిగా మోసింది, దించుకుంది, అంతే.

నేను వరండాలోకి వెళ్ళాను. ఆ తల్లి బల్ల చివర కూర్చుని ఉంది, ఏడాదిలో పదేళ్ళు పెరిగినట్టుంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. లోపలికి రాలేదేమమ్మా అంటే, ఏ మొగం పెట్టుకోని వచ్చేది అంది.

"నా వల్లనే కదమ్మా నా బిడ్డ చెయ్యి పడిపోయింది. ఆ డాక్టరు రాసినాడు కదా."

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. విభూతి గొడవ, నా నియమం, అరికాళ్ళకు వేసిన గుడ్డ, గంధం పగలని చోటు నేను చూసి కూడా వెళ్ళిపోవడం. నువ్వు చెప్పకపోయినా చూడాల్సింది నేనమ్మా, దానికే నాకు జీతం, మద్రాసులో నా తప్పు నీ మీద వేసి రాయించాను అన్నాను. అంత నిజం నా జన్మలో ఎవరికీ చెప్పలేదు. ఆమె శ్రద్ధగా విన్నది. నా మొహమంతా తడిసిపోతుంటే తన కొంగుతో తుడిచింది.

"నా మనసు కుదుటపడాలని ఇన్ని మాటలు చెప్తా ఉండావు" అంది. "నువ్వు మంచిదానివి తల్లీ."

మళ్ళీ చెప్పాను. కాదమ్మా, నిజం అన్నాను. ఆమె నా తల నిమిరి, పొద్దు పోతాది, బస్సు దొరకదు అని కొడుకును పిలిచింది. ముగ్గురూ గేటు దాటి జనంలో కలిశారు. కాసేపటికి అన్ని గుండ్లలో అతనిది ఏదో తెలియలేదు.